బిందువు ఎక్కడైనా పెట్టు

మా గణితం వాళ్లకి ఒక ఆచారం ఉంది. పేరున్న ప్రొఫెసర్‌కి అరవై నిండితే ఇంట్లో కొవ్వొత్తులు ఊది ఊరుకోనివ్వరు. దేశం నలుమూలల నుంచీ శిష్యులు దిగి రెండు రోజులు ఉపన్యాసాలు ఇస్తారు. ప్రతివాడూ మొదట ఆయన్ని నాలుగు మాటలు పొగిడి, మిగతా గంటంతా తన గొడవ తాను చెప్పుకుంటాడు. ఆఖరి ఉపన్యాసం మాత్రం ఆయనది. అదయ్యాక కేకు కోస్తారు.

ఆ ఏడాది మార్చిలో ఆ వంతు ఆల్విన్ థోర్సన్ గారిది. నా పేరు బెర్నీస్. అప్పటికి ముప్పై మూడేళ్లుగా ఆ డిపార్ట్‌మెంట్‌లో టైపిస్టుని. నాకు లెక్కలు రావు గానీ లెక్కల వాళ్లు బాగా తెలుసు. ఎవరు కోటు గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకొచ్చారో చూసి ఎవరి నిరూపణ అడ్డం తిరిగిందో చెప్పగలను.

థోర్సన్ గారిది రేఖాగణితం. మిన్నెసోటాలో పాడి రైతు కొడుకు. ఇరవై తొమ్మిదో ఏట వంకర తలాల మీద గీసే త్రిభుజాల గురించి ఒక సిద్ధాంతం నిరూపించారు. అది ఆయన పేరుతోనే పుస్తకాలకెక్కింది. దాని పుణ్యమానే ఉద్యోగం స్థిరపడింది, శిష్యులొచ్చారు, గౌరవమూ వచ్చింది. తర్వాత రాసినవి నలభై దాకా ఉన్నాయి, అన్నీ నేనే టైపు చేశాను. అవన్నీ కలిపినా ఆ మొదటి దాని కాలిగోటికి సరిపోవని ఆయనే అనేవారు. పెళ్లి చేసుకోలేదు. ఆయనకున్నదల్లా ఆ సిద్ధాంతమే.

సభ ఇంకో నాలుగు రోజులుందనగా, సోమవారం ఉదయం, నా గదిలోకి వచ్చారు. చేతిలో కాఫీ కప్పుంది, అందులో కాఫీ లేదు. కిటికీ దగ్గరికి వెళ్లి బయట కరుగుతున్న మంచు చూశారు. అక్కడినుంచి బీరువా దగ్గరికి, మళ్లీ కిటికీకి.

"బెర్నీస్, యాభై ఏడులో నా సిద్ధాంతానికి బొమ్మ గీసింది నువ్వే కదూ?"

"నేను కాక మీరా? మీరు గీస్తే త్రిభుజం కాస్తా బంగాళాదుంప అయ్యేది."

ఎప్పుడూ నవ్వే మాటకి నవ్వలేదు. ఆ రోజుల్లో వ్యాసాలకి బొమ్మలు కూడా మేమే గీసేవాళ్లం, పల్చటి కాగితం మీద నల్ల సిరాతో.

"బిందువు లోపలే ఎందుకు పెట్టావు?"

"ఎక్కడ పెట్టమంటారని అడిగానుగా. 'ఎక్కడైనా పెట్టు, తేడా ఏం లేదు' అన్నారు. లోపలైతే పక్కన అక్షరం రాయడానికి చోటుందని లోపల పెట్టాను."

ఆయన కుర్చీలో కూర్చుని వెంటనే లేచారు.

"తేడా ఉంది," అన్నారు.

కాగితం లాక్కుని గీసి చూపించారు. బిందువు త్రిభుజం లోపల ఉంటే దాన్ని మూడు మూలలకీ కలిపినప్పుడు మూడు ముక్కలొస్తాయి, మూడూ కలిపితే మొత్తం. బయట ఉంటే ఒక ముక్క తిరగబడుతుంది, కలపాల్సింది తీసెయ్యాల్సి వస్తుంది. అక్కడినుంచి ఆయన నిరూపణ ముందుకు సాగదు. లెక్కలు రాని నాకే అర్థమైంది.

"ముప్పై ఒక్క ఏళ్లుగా బోర్డు మీద లోపలే పెట్టాను," అన్నారు. "నన్ను చూసి నా శిష్యులు లోపలే పెట్టారు. వాళ్లని చూసి వాళ్ల శిష్యులు. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు బయట పెట్టి చూడలేదు."

"అంటే సిద్ధాంతం తప్పా?"

"తప్పో ఒప్పో నాకు తెలిస్తేగా! నిరూపించలేదు, అంతే. నాలుగు వారాలనుంచీ ఆ లోటు పూడ్చాలని చూస్తున్నాను. కుదిరి చావడం లేదు."

ఆ బిందువు నా కలం పెట్టింది. ఆ సంగతి నా మొహంలో కనబడినట్టుంది, "నీ తప్పేం లేదులే, ఎక్కడైనా అన్నది నేను," అన్నారు.

"శనివారం మీ ఉపన్యాసంలో చెప్పేస్తారా?"

"చెప్పకపోతే?"

"చెప్పకండి," అన్నాను. దాచుకోవడం దేనికి, నిజంగానే అన్నాను. "ఇన్నేళ్లూ ఎవడికీ కనబడనిది మీరే వేలు పెట్టి చూపించాలా? నోరు మూసుకుని కేకు కోయండి. వచ్చే ఏడాది రిటైరై చేపలు పట్టుకోండి."

మంగళవారం వచ్చి "చెప్పను" అన్నారు. బుధవారం "చెప్తాను" అన్నారు. గురువారం తలుపులోంచి తల మాత్రం పెట్టి "చెప్పను, ఖాయం" అనేసి వెళ్లి, పది నిమిషాల్లో మళ్లీ వచ్చి తలుపు దగ్గర తచ్చాడారు. నాలుగింటి టీకి అందరూ చేరే గదిలో బిస్కట్టు కొరికి, సగం ముక్క జేబులో వేసుకుని, పక్కవాడి మాట మధ్యలోనే బయటికి నడిచారు. వరండాలో ఆయన బూట్ల చప్పుడు వింటూ నేను రెండు అక్షరాలకి ఒకటి తప్పు కొట్టాను. పోనీ ఏదో ఒకటి తేల్చుకుని చావవయ్యా అని లోపల్లోపల తిట్టుకున్నాను కూడా.

గురువారం సాయంత్రమే గస్ పెల్లెగ్రీనో దిగాడు. ఆయన మొదటి శిష్యుడు, సభ పెట్టిస్తున్నది అతనే. ఆ సిద్ధాంతం మీద ఆరువందల పేజీల పుస్తకం రాశాడు.

"ఏంటి సార్, ఇలా చిక్కిపోయారు? ముసలాడినైపోయానని బెంగా?"

"నీ పుస్తకం ఇంకా అమ్ముడుపోతోందా, గస్?"

"మీ దయవల్ల మూడో ముద్రణ. నాకు అన్నం పెట్టింది మీ త్రిభుజమే."

థోర్సన్ గారు కోటు కూడా వేసుకోకుండా మంచులోకి వెళ్లిపోయారు. "పొగిడితే పారిపోతారేంటి?" అని గస్ నన్నడిగాడు. నేను కాగితాలు సర్దుతున్నట్టు నటించాను.

శనివారం పదకొండింటికి హాలు నిండింది. నేను ఆఖరి వరసలో, కేకు పెట్టిన బల్ల పక్కన కూర్చున్నాను. ఆయన మొదట బాగానే మాట్లాడారు. నాన్నగారి పాకలో కప్పు దూలాలు చూసి త్రిభుజాలు నేర్చుకున్నానన్నారు, అందరూ నవ్వారు. హమ్మయ్య, చెప్పడం లేదు అనుకున్నాను.

అప్పుడు బోర్డు మీద త్రిభుజం గీసి వెనక్కి తిరిగారు.

"గస్, ఇలా రా. ఒక బిందువు పెట్టు."

"ఎక్కడ సార్?"

"ఎక్కడైనా పెట్టు."

గస్ నవ్వుతూ వచ్చి సుద్దముక్కతో త్రిభుజం నడిమధ్యన చుక్క పెట్టాడు. థోర్సన్ గారు దాన్ని అరచేత్తో తుడిచి, బయట, మూరెడు దూరంలో ఇంకోటి పెట్టారు. దాన్ని మూడు మూలలకీ కలిపారు.

"ఇది నేనెప్పుడూ నిరూపించలేదు," అన్నారు. "నాకే తెలియకుండా మీ అందరికీ తప్పు నేర్పాను. క్షమించండి."

గస్ బోర్డుకి దగ్గరగా జరిగి ఆ కొత్త గీతల్ని వేలితో వెంబడించాడు. వెనకనించి ఎవరో "ఆ ముక్క తిరగబడుతుంది!" అన్నారు. ఇంకెవరో "అయినా మొత్తం ధనాత్మకంగానే ఉండాలిగా?" అన్నారు. "ఎందుకుండాలి?" అంటూ మూడోవాడు లేచాడు. చూస్తుండగానే పదిమంది బోర్డు దగ్గరున్నారు, పాతికమంది వాళ్ల వెనక. ఆయన్ని ఎవరూ తిట్టలేదు. ఓదార్చనూ లేదు. ఎర్ర స్వెట్టర్ వేసుకున్న ఒకమ్మాయి, ఆయనెవరో కూడా చూడకుండా, "కొంచెం జరుగుతారా, బొమ్మ కనబడటం లేదు," అంది.

ఆయన జరిగారు. తోసుకుంటూ వచ్చి నా పక్క కుర్చీలో కూలబడ్డారు. నాకు ఒళ్లు మండిపోయింది.

"మనుషులేనా వీళ్లు? ఒక్కడైనా మిమ్మల్ని పలకరించాడా?"

"ఊరుకో, బెర్నీస్."

"మీ బతుకంతా పోయింది సార్, వాళ్లకి ఆటగా ఉంది."

ఆయన బోర్డు వైపే చూస్తున్నారు. మోకాలు ఆగకుండా ఆడుతోంది.

"ఆ అమ్మాయి రెండో మూలనుంచి మొదలుపెట్టింది," అన్నారు. "నాకు తట్టనే లేదు."

లేచారు. కేకు కత్తి చేతికిద్దామని నేను తీసేలోపే ముందుకి నడిచారు. బోర్డు దగ్గర సుద్దముక్క కోసం వరస కట్టారు జనం. గస్ ఆయన్ని చూసి, "సార్, మీరు ముందుకి రండి," అన్నాడు.

"వద్దు," అన్నారు థోర్సన్ గారు. "నా వంతు రానీ."

వరసలో తొమ్మిదోవాడిగా వెళ్లి నిలబడ్డారు.