ఇరవై రెండో నిమిషం

పెద్ద కోడలు మూడేళ్ళు కుస్తీపట్టి వదిలేసిన పనిని చిన్న కోడలు నాలుగు నెలల్లో చేసి చూపించింది. అందుకే ఆ వారమంతా పెద్ద కోడలికి అన్నం సహించలేదు.

ఇప్పటి కాలేజీ పిల్లలు నేర్చుకునే ప్రోగ్రామింగ్ భాషను నలభై ఏళ్ళనాటి ఇంటి కంప్యూటర్ మీద నడిపించడం, అదీ పని. ఆ మెషీన్ చూడటానికి ఒట్టి కీబోర్డు. టీవీకి తగిలించి, క్యాసెట్ నుంచి ప్రోగ్రాం ఎక్కించాలి. ఫోన్‌లో తీసిన ఒక్క ఫొటో కూడా దాని మెమరీలో పట్టదు. అంత ఇరుకులోనూ పెద్ద కోడలు భాషను సర్దింది. కానీ స్విచ్చి వేసిన ఇరవై రెండో నిమిషంలో తెర బిగుసుకుపోయేది. ఎందుకో ఎంతకీ అంతుపట్టలేదు. ఇంట్లో మాత్రం విసుగొచ్చి మానేశానని చెప్పింది.

పాత టీవీలు, కంప్యూటర్లు బాగుచెయ్యడం ఆవిడ వృత్తి. పాత కంప్యూటర్ల పిచ్చివాళ్ళ క్లబ్బొకటి ఉంది. అక్కడ ఆవిడ "బాగుంది" అంటే ఇక తిరుగులేదు. చిన్న కోడలికి అసలు మెషీనే లేదు, ల్యాప్‌టాప్‌లో అచ్చం దానిలా నడిచే నకలు ప్రోగ్రాం పెట్టుకుని, అయిదేసి నిమిషాలు నడిపి చూసుకుంటూ పని కానిచ్చింది. అందుకే క్యాసెట్ పట్టుకొచ్చింది.

"అక్కా, ఆదివారం క్లబ్బులో చూపించాలి. నీ మెషీన్ మీద ఒకసారి నడిపి చూడవా? నువ్వు బాగుందంటేనే నాకు ధైర్యం."

"చిన్నదాని బుర్రే బుర్ర!" అంది అత్తగారు. "పెద్దదీ ఏదో చేసిందిలే, పాపం."

ఆ 'పాపం' దగ్గర పెద్ద కోడలికి ఒళ్ళు భగ్గుమంది.

తన రిపేరు షాపులో క్యాసెట్ ఎక్కించింది. ఏ లెక్క ఇచ్చినా చకచకా జవాబిస్తోంది. ఒక్క తప్పు దొరికితే ఒట్టు. గోడగడియారం చూస్తూ కూర్చుంది. ఇరవై రెండో నిమిషంలో తెర బిగుసుకుపోయింది.

అబ్బ, ప్రాణం ఎంత హాయిగా ఉందో! చిన్నదీ తనలాంటిదేనన్నమాట. వెంటనే ఫోన్ చేసింది.

"బ్రహ్మాండంగా ఉందే. ఏ వంకా లేదు."

ఆదివారం నలభైమంది ముందు చిన్న కోడలు ఉత్సాహంగా చెప్పుకుపోతుంటే తెర బిగుసుకుపోయింది. ఎవరో దగ్గారు.

"ప్రోగ్రాంలో లోపమేమో" అన్నాడు క్లబ్బు సెక్రటరీ.

"కాదండీ. అక్క నడిపి చూసింది. అక్క చూసిందంటే చూసినట్టే. మీ మెషీనే పాడై ఉంటుంది."

సెక్రటరీ స్క్రూడ్రైవర్ తీసి మూత విప్పబోయాడు. ఆరోగ్యంగా ఉన్న మెషీన్‌ను కోస్తుంటే చూస్తూ ఊరుకోవడం పెద్ద కోడలి వల్ల కాలేదు.

"విప్పకండి! అది బాగానే ఉంది. నా దగ్గరా ఆగిపోయింది."

చిన్న కోడలి మొహంలో నెత్తురు చుక్క లేదు. అక్క వైపు తిరిగి అడిగింది, "ఎప్పుడు ఆగింది?"

"ఇరవై రెండో నిమిషంలో. నాదీ మూడేళ్ళూ అక్కడే ఆగేది."

చిన్న కోడలు కాగితం లాక్కుని లెక్క వేసింది. "లోపలి గడియారం సెకనుకి యాభై అంకెలు లెక్కపెడుతుంది. అరవై అయిదు వేల చిల్లర దాటగానే మళ్ళీ సున్నాకి వస్తుంది. అంటే ఇరవై ఒక్క నిమిషాల యాభై సెకన్లు. టైము వెనక్కి పోయేసరికి ప్రోగ్రాం ఎప్పటికీ రాని అంకె కోసం ఎదురుచూస్తూ కూర్చుంటోంది. అంతే!"

మూడేళ్ళ బాధ ఒక్క భాగహారం! సిగ్గుతో చచ్చిపోతూ కూడా పెద్ద కోడలు కుళ్ళుకుంది.

సరిచేసిన ప్రోగ్రాం రెండు రోజులుగా ఆగకుండా నడుస్తోందని ఆ శుక్రవారం అత్తగారు చెప్పింది. సాయంత్రం చిన్న కోడలు రాగానే పెద్ద కోడలు చెయ్యి చాపింది.

"క్యాసెట్ తెచ్చావా? నడిపి చూస్తాను."

"అక్కర్లేదక్కా," అంది చిన్న కోడలు, మామూలుగా నవ్వుతూనే. "సెక్రటరీ గారు చూశారు."