నాలుగు బై రెండు

ఇంట్లో అందరూ ఆమెను చిన్నది అనే పిలుస్తారు. తల నెరుస్తున్నా చిన్నది చిన్నదే. ఆఫీసులో మాత్రం ఆమె మాటకు ఎదురులేదు. రోగుల ఇళ్లకు ఆక్సిజన్ సిలిండర్లు పంపే కంపెనీ అది. వెబ్‌సైట్‌లో జనం నింపే ప్రతి గడికీ ఆమే కాపలా. ఏది రాస్తే లోపలికి రానివ్వాలో, ఏది రాస్తే వెనక్కి కొట్టాలో ఆమె నిర్ణయిస్తుంది.

ఆ మధ్య ఎవడో పనీపాటా లేనివాడు చిరునామా గడిలో పిచ్చిపిచ్చి గుర్తులన్నీ కొట్టి సిస్టమ్‌ను పడుకోబెట్టాడు. మేనేజరు తోక తొక్కిన పాములా లేచాడు. "అక్షరాలు, అంకెలు తప్ప ఇంకేదీ రానివ్వకండి" అన్నాడు. అది సరైన పద్ధతి కాదని ఆమెకు తెలుసు. వచ్చినదాన్ని లోపల జాగ్రత్తగా తీసుకోవడం అసలు పని, కానీ దానికి రోజులు పడుతుంది. మేనేజరు చెప్పింది టీ చల్లారేలోపు అయిపోతుంది. అందుకని అదే చేసేసింది. చిరునామా గడి ఉన్న ప్రతి పేజీలోనూ ఆ నిబంధన పెట్టింది. తప్పు రాస్తే ఎర్రగా కనబడే మాట కూడా తనదే: "సరైన చిరునామా ఇవ్వండి." ఏది సరిగ్గా లేదో విడమరిచి చెప్పే ఓపిక ఆ పూట లేకపోయింది.

తర్వాత సిస్టమ్ మళ్లీ పడలేదు. పైగా ఫిర్యాదులు తగ్గిపోయాయి. మేనేజరు మీటింగులో ఆమెను ఆకాశానికెత్తి అందరిచేతా చప్పట్లు కొట్టించాడు. మొహమాటపడుతున్నట్టు కనబడింది గానీ, లోపల బాగానే ఉబ్బిపోయింది.

ఆ మధ్యాహ్నమే అక్క ఫోన్ చేసింది. బావ ఊపిరితిత్తులు పాడైపోయి చాన్నాళ్లయింది. సిలిండర్ ఉంటేనే ఆయనకు ఊపిరి.

"చిన్నదీ, సిలిండర్ రాలేదే! ఇచ్చేశామని మెసేజ్ మాత్రం వచ్చింది. ఉన్నది అయిపోవచ్చింది, ముల్లు కిందికి దిగిపోయింది. బావ ఆయాసపడిపోతున్నారు."

చిన్నది గబగబా ఆర్డరు తెరిచింది. వీధి సరిగ్గానే ఉంది.

"అక్కా, నలభై రెండు అని కొట్టావేంటి? మీది నాలుగు బై రెండు కదా!"

"మధ్యలో ఆ ఏటవాలు గీత పెడితే ఒప్పుకోలేదే. ఎన్నిసార్లు కొట్టినా సరైన చిరునామా ఇవ్వమంటుంది. నా ఇల్లెక్కడో నాకు తెలీదా అని ఒళ్లు మండింది. గీత తీసేస్తే నోరు మూసుకుని తీసుకుంది. డ్రైవరుకు మన ఇల్లు తెలుసుగా అని ఊరుకున్నా."

ఆ రోజు వచ్చింది కొత్త డ్రైవరు. ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తలేదు. చిన్నది బ్యాగు భుజాన వేసుకుని, స్కూటర్ మీద అక్క వాళ్ల వీధికి ఎలా వెళ్లిందో ఆమెకే తెలియదు.

నలభై రెండో నంబరు వీధి చివరన ఉన్న టైలరు కొట్టు. సిలిండర్ మెట్ల కింద నిలబెట్టి ఉంది.

"పైవాటా వాళ్లదేమోనని దింపించానమ్మా" అన్నాడు టైలరు. "దారికడ్డంగా ఉంది, తీసుకెళ్తే పుణ్యముంటుంది."

సంగతి వినగానే అతను కుట్టుపని వదిలేసి లేచాడు. మెడలో టేపు అలాగే వేలాడుతుండగా ఒక పక్క పట్టుకుని, అక్క ఇంటిదాకా మోసుకొచ్చాడు.

బావ మంచం అంచున మోకాళ్ల మీద చేతులు ఆనించి కూర్చుని ఉన్నారు. పెదవులు నల్లబడ్డాయి. అక్క సిలిండర్ బిగించి, గొట్టం తగిలించి, ఆయన ముఖానికి మాస్కు పెట్టింది. ముగ్గురూ ఆయన ఛాతీనే చూస్తూ నిలబడ్డారు. పెదవులకు నెమ్మదిగా రంగు తిరిగింది. అప్పుడు చిన్నది కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఊరుకోవే. నాదే తప్పు" అంది అక్క. "ఈ కంప్యూటర్ పనులు నాకు చేతకావు."

"నీ తప్పు కాదక్కా. ఆ గీతను ఆపింది నేనే."

అక్క ఆమె వైపు తిరిగింది.

"అయితే ఫిర్యాదులో ఆపింది కూడా నువ్వేనా?"

"ఏ ఫిర్యాదు?"

"పనిలో ఉంటావు, నిన్ను కదపడమెందుకని ముందు మీ కంపెనీకే ఫిర్యాదు రాశా. ఈసారి ఇంటి నంబరు గీతతో సహా సరిగ్గా పెట్టా. అదీ తీసుకోలేదు. సరైన చిరునామా ఇవ్వమంది."

చిన్నదానికి మీటింగులో కొట్టిన చప్పట్లు గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయింది.

"నాకైతే నువ్వున్నావు గనక ఫోన్ చేశా" అంది అక్క, బావ వీపు నిమురుతూ. "మిగతావాళ్లు ఎవరికి చేస్తారే?"

చిన్నది అక్కడే నేలమీద ల్యాప్‌టాప్ తెరిచింది. ఆ నిబంధన తీసేయడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆ తర్వాత, అది పెట్టినప్పటి నుంచి వెళ్లిన ఆర్డర్లన్నీ ఒక్కొక్కటే చూసుకుంటూ పోయింది. ఇంటి నంబర్లన్నీ శుభ్రంగా ఉన్నాయి. ఒక్కదానిలోనూ గీత లేదు.