డిపో ముందు ఇద్దరు మంత్రులు

ఎన్నికల్లో ప్రభుత్వం మారింది. ప్రమాణం చేసిన మర్నాడే కొత్త ఆర్థికమంత్రి తన గదిలో అడుగుపెట్టేసరికి, దిగిపోయిన మంత్రి ఇంకా పుస్తకాలు అట్టపెట్టెలో సర్దుకుంటోంది. సభలో ఇద్దరికీ ఏళ్లుగా ఉప్పూ నిప్పూ.

"రా తమ్ముడూ, కూర్చో. ఆ కుర్చీ కిర్రుమంటుంది, కంగారుపడకు."

"ఖజానా ఎలా ఉందక్కా?"

"ఊడ్చిపెట్టినట్టుంది. డబ్బంతా ఏమైందని రోజూ నన్ను నిలదీసేవాడివిగా, ఇక నువ్వే చూసుకో."

అతను నవ్వబోయి నవ్వలేకపోయాడు. డీజిల్ ధర మండిపోతోంది. జీతాలు పెంచమని బస్సు డ్రైవర్లు పొద్దున్నుంచి డిపో గేటుకి అడ్డంగా కూర్చున్నారు. గెలిస్తే పెంచుతామని ఊరూరా మైకులో అరిచింది తనే.

"వాళ్లకేం చెప్పను?"

"ఉన్నది చెప్పు."

"నువ్వూ రా అక్కా. నేనొక్కణ్నే చెబితే, తప్పంతా నీమీదకి నెట్టేస్తున్నాననుకుంటారు."

ఆమె చేతిలో పుస్తకం పక్కన పెట్టి లేచింది.

ఇద్దరూ ఒకే కారులోంచి దిగేసరికి డిపో దగ్గర నినాదాలు ఠక్కున ఆగిపోయాయి. యూనియన్ నాయకుడు, బుర్రమీసాల పెద్దాయన, నోరెళ్లబెట్టాడు.

"ఇదేంటండీ! పెట్రోలు పొదుపా?"

అందరూ గొల్లున నవ్వారు. ఆ నవ్వులోనే కొత్త మంత్రి ఆగి ఉన్న బస్సు మెట్టెక్కాడు.

"ఈ ఏడాది అడిగినంతా ఇవ్వలేను. ఎన్నికల్లో తొందరపడి మాటిచ్చాను. సగం ఇప్పుడే పెంచుతాం, మిగతాది వచ్చే ఏడాది. మంత్రుల కార్లు కూడా కొన్ని అమ్మేస్తున్నాం. ముందు నాదే."

పెద్దాయన మాజీ మంత్రివైపు తిరిగాడు. "నిజంగా డబ్బుల్లేవా అమ్మా?"

"లేవు. ఈ మాటే నేను చెప్పుంటే, ఇతనే నామీద ఊరేగింపు తీసేవాడు."

మళ్లీ నవ్వులు. ఆ తర్వాత వాదించుకున్నారు, అరుచుకున్నారు, టీ తాగారు, మళ్లీ వాదించుకున్నారు. మధ్యాహ్నానికి అందరూ సరేనన్నారు. గేటు తెరుచుకుంది.

"కారు అమ్మేస్తానన్నారుగా, ఎక్కండి సార్!" అని పెద్దాయన మొదటి బస్సు తలుపు తీశాడు. "మీరూ రండమ్మా."

దారిలో జనం ఎగబడి ఎక్కారు. సీట్లు ఆడవాళ్లకీ ముసలివాళ్లకీ వదిలేసి, ఇద్దరూ పైకమ్మీ పట్టుకుని నిలబడ్డారు.

"రేపు పాత అప్పులు అడగడానికి బ్యాంకులవాళ్లొస్తారు. వీళ్లంత మంచివాళ్లు కారు," అందామె.

"ఇవాళొక్కరోజు వదిలెయ్యక్కా!" అంటూ పదవిలోకి వచ్చాక మొదటిసారి పకపకా నవ్వాడు. బస్సు మలుపు తిరిగింది. తూలిపడబోయిన ఆమెని అతను పట్టుకున్నాడు. వెనక సీట్లోంచి ఎవరో ఈల వేశారు.