రిబ్కా చెప్పని మాట

హుస్సేన్‌సాగర్ పొంగి హైదరాబాదులో బస్తీలు మునిగిన వరద తర్వాత ఏడో ఏట ఈ సంగతి జరిగింది. బావులు తవ్విన మనిషిని కాబట్టి ఏళ్ళను నీళ్ళతోనే గుర్తు పెట్టుకుంటాను.

నా పేరు అంజిలయ్య. మాది ఇబ్రహీంపట్నం. ఇటు మంచాల నుంచి అటు మన్నెగూడ, తుక్కుగూడ దాకా నా చేతి బావులు పంతొమ్మిది ఉండేవి. నేను మూడో తరగతిలో ఉండగా మా బాపు బడి మాన్పించి మట్టి తట్ట నెత్తిన పెట్టాడు. చదువు అక్కడ ఆగింది. నాకు మాటలు కూడా తక్కువే. బావి అడుగున నిలబడి అరిస్తే ఆ అరుపు మళ్ళీ మన చెవిలోకే వస్తుంది. అందుకని నోరు మూసుకొని పనిచేయడం అలవాటైంది.

నా భార్య శంకరమ్మ బడి ముఖమే చూడలేదు. కానీ ఒకసారి విన్నది మరచిపోదు. మా వాడలో ఎవరి పిల్ల ఏ వానకు పుట్టిందో కావాలంటే ఆమెనే అడుగుతారు.

వరద తర్వాత నాలుగో ఏట, బావిలో బండ పగలగొట్టడానికి పెట్టిన తూటా నేను పైకి రాకముందే పేలింది. ఎడమ చెవి పోయింది. తొడలో రాయి దిగింది. రెండు నెలలు దవాఖానలో పడి ఉన్నాను. అక్కడ ఒక నర్సమ్మ డ్యూటీ దిగాక మంచం మంచం దగ్గర ఆగి బైబిలు చదివి వినిపించేది. నేను వినీ విననట్టు పడుకునేవాణ్ణి. కానీ ఆమె రాని రోజు వాకిలి వైపే చూస్తున్నానని నాకే తెలిసింది. ఇంటికి పంపే రోజు ఆ పుస్తకం నా చేతిలో పెట్టింది. నాకు చదువు రాదన్నాను. మూడు తరగతులు చదివినవాడికి రోజుకు నాలుగు వరుసలు రావా అంది.

ఆ నాలుగు వరుసలు మా ఇంట్లో వాడుకైపోయాయి. మేమిద్దరం మందిరానికి పోవడం కూడా అప్పుడే మొదలైంది. పొద్దున్నే శంకరమ్మ పొయ్యి మీద చాయ పెడుతుంది. నేను గడప దగ్గర పీట వేసుకొని, చీపురు పుల్ల ఒకటి విరిచి, అక్షరాల కింద ఆనించి చదువుతాను. చాయ మరిగేలోపు నాలుగు వరుసలు. శంకరమ్మ పగలంతా పని చేసుకుంటూ వాటినే నోట్లో ఆడిస్తుంది. పొద్దుగూకేసరికి నాకే తిరిగి అప్పజెబుతుంది. మొదటి పేజీ నుంచి వరుసగా పోతున్నాం.

నా తప్పు ఇక్కడే ఉంది. పనిలో నేను బండను ఎప్పుడూ వదలలేదు. బండ అడ్డం వచ్చిందని బావిని పక్కకు జరపలేం కదా, పగలగొట్టాల్సిందే. పుస్తకంలో మాత్రం నోరు తిరగని పేరు వస్తే దాటేసేవాణ్ణి. మొదట్లో పేర్లు దాటేశాను. తర్వాత వరుసలు దాటేశాను. శంకరమ్మకు తెలిసే దారి లేదు.

వరద తర్వాత ఐదో ఏట ఒక రోజు బస్సులో వస్తూ కిటికీలోంచి చూశాను. మన్నెగూడ దగ్గర నేను తవ్విన బావి ఒకటుంది. పన్నెండు గజాల లోతు, చుట్టూ రాతి కట్టు. అప్పుడు ఆ దారి పొడుగునా ప్లాట్లు చేస్తున్నారు. ట్రాక్టర్లు వరుసగా నిలబడి దాంట్లో మట్టి పోస్తున్నాయి. ఇంటికి వచ్చి అన్నం తినలేదు. అప్పటికే బోరు బండ్లు వచ్చి నా పని సగం పోయింది, తూటా పేలి మిగిలిన సగం పోయింది. ఇప్పుడు చేసిన పని కూడా మట్టిలో పోతున్నది.

మరునాడు పొద్దున పుల్ల ఆనించిన చోట ఆదికాండము ఇరవై ఆరో అధ్యాయం ఉంది. ఇస్సాకు అనే ఆయన తండ్రి తవ్వించిన బావులను ఫిలిష్తీయులు మన్ను పోసి పూడ్చారని అందులో ఉంది. నా పుల్ల అక్కడే ఆగిపోయింది. ఎప్పటి మనుషులో గానీ, వాళ్ళు చేసిన పని నేను నిన్న బస్సులోంచి చూసిందే. ఆ రోజు నాలుగు వరుసలతో ఆగలేదు. ఇస్సాకు ఆ బావులను మళ్ళీ తవ్వించాడు. కొత్తగా తవ్విన చోట నీళ్ళు పడితే ఆ ఊరి పశువుల కాపరులు నీళ్ళు మావేనని కొట్లాటకు వచ్చారు. వదిలేసి ఇంకొకటి తవ్వించాడు. దానికీ కొట్లాటే. అదీ వదిలేసి ముందుకు పోయి మూడోది తవ్వించాడు. దాని జోలికి ఎవరూ రాలేదు.

బాగానే ఉంది. కానీ నీళ్ళు పడ్డ బావిని వదిలి వచ్చినప్పుడు ఆయన ఎట్లా ఓర్చుకున్నాడో అక్కడ లేదు. అది ఎట్లా ఉంటుందో తవ్వినవాడికి తెలుసు. పేజీ అయిపోయింది. తిప్పి చూస్తే అవతల అన్నీ పెద్ద పెద్ద పేర్లే కనబడ్డాయి. మళ్ళీ ఇవతలికి తిప్పాను. పుల్ల కదుపుతూనే నా సొంతంగా చదివాను. ఇస్సాకు గుడారమునకు వచ్చి అన్నము ముట్టలేదు. అప్పుడు అతని భార్యయైన రిబ్కా, "వారు బావిని పూడ్చిరి గాని నీ చేతులను పూడ్చలేదు, తవ్వు చేతులు నీయొద్దనే యున్నవి" అని చెప్పెను. అచ్చం పుస్తకం మాటలాగే వచ్చింది. అధ్యాయం అయిపోయిందని చెప్పి పుస్తకం మూశాను.

సాయంత్రం శంకరమ్మ అంతా అప్పజెప్పింది. రిబ్కా మాట దగ్గర ఆమె గొంతు గట్టిపడింది. ఆ మాట ఆమె నోటి నుంచి వింటే నేను కల్పించిందనే గుర్తు రాలేదు. మరుసటి సోమవారం కుంటుకుంటూనే మన్నెగూడ పోయి, ఆ ప్లాట్లలోనే ఇళ్ళ పునాదులు తవ్వే పనిలో కుదిరాను.

శంకరమ్మ ఆ మాటను అందరికీ పంచింది. మంచాల ఊళ్ళో ఆమె చెల్లెలి భర్త వీరస్వామి పంట ఎండి మంచం పట్టినట్టు పడుకుంటే, పోయి అతని తలాపున కూర్చొని చెప్పి వచ్చింది. అతను లేచి పనికి పోయాడని కబురు వచ్చింది. భర్త చనిపోయిన బాలమ్మకు చెప్పింది. మందిరంలో ఆడవాళ్ళు దాన్ని శంకరమ్మ వాక్యం అనసాగారు.

ఇక ఏడో ఏట సంగతి. మా మందిరంలో ఏటా ఆడవాళ్ళకు కంఠత వాక్యాల పోటీ పెడతారు. చదువు వచ్చినవాళ్ళు ఇంట్లో చదువుకొని వచ్చి చెబుతారు. శంకరమ్మ ఎప్పుడూ వెనక చాప మీద కూర్చొని చూసేది. ఆ ఏడు తానూ నిలబడతానని పేరిచ్చింది. ఇస్సాకు బావుల అధ్యాయం అంతా చెబుతానంది. గెలిస్తే ఇచ్చే స్టీలు బిందె మీద ఆమెకు ఆశ లేదు. పుస్తకం పట్టుకోవడం రానిదానిగా వెనక కూర్చోవడం మానాలి, అంతే.

బుధవారం కూటం నుంచి సంతోషంగా వచ్చింది. పాస్టరు గారి భార్య లలితకుమారమ్మ గుంటూరు వైపు మనిషి, ఏ పనైనా పద్ధతి ప్రకారం జరగాలంటుంది. ఈసారి పుస్తకం తానే తెరిచి పెట్టుకొని, మాట మాటకూ వేలు పెట్టి చూస్తానందట.

"చూడనీ," అంది శంకరమ్మ. "ఒక్క మాట పోదు నాది."

నలుగురిలో ఆమె నిలబడి రిబ్కా మాట చెప్పేసరికి ఆ వేలు ఆగిపోతుంది. ఇన్నాళ్ళూ ఆమె పంచింది అబద్ధమని అందరి ముందూ తేలుతుంది. చేసింది నేను, నిలబడేది ఆమె. గురువారం చెప్పలేదు. శుక్రవారం చెప్పలేదు. మా మందిరానికే వచ్చే భిక్షం బస్టాండు దగ్గర కనబడి, మాటలన్నీ దేవుడు మీ ఇంట్లో శంకరమ్మకే పంచాడా, నీకేమీ మిగలలేదా అని నవ్వాడు. నవ్వు రాలేదు నాకు.

శనివారం మధ్యాహ్నం ఆమె చేటలో బియ్యం పోసుకొని రాళ్ళు ఏరుతూ పాఠం చెప్పుకుంటున్నది. రిబ్కా దగ్గరికి వచ్చింది.

"గా మాట రిబ్కా అనలే," అన్నాను.

ఆమె చేయి ఆగలేదు. "మరెవరన్నరు?"

"నువ్వే."

అప్పుడు తల ఎత్తింది. ఒక్కొక్కటే చెప్పాను. మా పెళ్ళైన కొత్తలో మంచాలలో ఒక బావి తవ్వాను. పద్నాలుగు గజాలు పోయినా చుక్క పడలేదు. ఇంటికి వచ్చి గోడకు ముఖం పెట్టి కూర్చుంటే, తవ్వే చేతులు ఎటూ పోలేదుగా, రేపు ఇంకోచోట తవ్వు అని ఆమె అంది. ఆమె మరచిపోయింది. నేను మరువలేదు. ఆ మాటనే పుస్తకం భాషలోకి మార్చి రిబ్కా నోట పెట్టాను.

శంకరమ్మ చేట కింద పెట్టింది.

"దేవుని పుస్తకంల నా మాట జొరగొట్టినవా?" అంది. తర్వాత, "ఇంకేమేం కలిపినవ్?"

"కలిపింది గదొక్కటే. దాటేసినయి మస్తున్నయ్."

కలిపిందానికంటే దాటేసిందానికే ఆమెకు ఎక్కువ కోపం వచ్చింది. గొంతు పెంచలేదు. "సగం గిన్నె పెట్టి, కడుపు నిండిందా అని అడిగినవ్ గదయ్యా రోజూ," అంది. రేపు పేరు వెనక్కి తీసుకొమ్మన్నాను. ఆమె అది విననే లేదు. పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పెట్టి, పేజీ తిప్పమంది.

తిప్పాను. పుల్ల ఆనించాను. ఈసారి ఏదీ దాటలేదు. రెండు పేర్ల దగ్గర బండ తగిలినట్టే ఆగిపోయాను. అహుజతు, ఫీకోలు. ఒక్కో అక్షరం పగలగొట్టుకుంటూ పోయాను. గంట పట్టింది.

నేను లేదనుకున్నది అక్కడే ఉంది. పేజీ పైనే ఉంది. ఇస్సాకు ఆ బావులన్నీ వదిలి బెయేర్షెబాకు పోయిన రాత్రే దేవుడు అతనికి కనబడి, భయపడకు, నేను నీకు తోడుగా ఉన్నానని చెప్పాడు. ఇస్సాకు అక్కడ గుడారం వేసుకున్నాడు, పనివాళ్ళు అక్కడా బావి తవ్వడం మొదలుపెట్టారు. మొదట ఇస్సాకును తన ఊరు వదిలి పొమ్మన్న రాజే తనవాళ్ళను వెంటబెట్టుకొని వెతుక్కుంటూ వచ్చి, నీతో మాకు గొడవ వద్దన్నాడు. ఇస్సాకు వాళ్ళకు అన్నం పెట్టి పంపాడు. వాళ్ళు వెళ్ళిన రోజునే పనివాళ్ళు వచ్చి, నీళ్ళు పడ్డాయని చెప్పారు.

నేను పంతొమ్మిది బావులు తవ్వాను. నీళ్ళు పడ్డాయని చెప్పడానికి పైకి ఎక్కివచ్చే మనిషి ముఖం ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. ఆ వరుస మీద నా పుల్ల కదలలేదు. నా బావి పూడ్చిన రోజున నాకు కావలసిన మాట ఒక్క పేజీ అవతల ఉంది. అది పట్టించుకోకుండా నేను సొంతంగా మాట అల్లుకున్నాను.

శంకరమ్మ మళ్ళీ చదవమంది. మూడుసార్లు చదివించుకుంది. మూడోసారికి ఆమె ముఖం తేటపడింది.

"నువ్వు అతికిచ్చినదాని కన్న గిదే మంచిగున్నది గద," అంది. "గింత పక్కకే ఉండె."

పేరు వెనక్కి తీసుకోవడం మాట మళ్ళీ ఎత్తాను.

"నిలబడ్తనన్న. నిలబడ్త," అంది.

ఆదివారం ఆరాధన అయ్యాక పోటీ మొదలైంది. నలుగురు చెప్పారు. ఐదోది శంకరమ్మ. లలితకుమారమ్మ పుస్తకం తెరిచి వేలు పెట్టింది. శంకరమ్మ చెంగు సర్దుకొని నిలబడి, అధ్యాయం అంతా చెబుతానని పేరిచ్చాను గానీ నేర్చుకున్నదాంట్లో తప్పులున్నాయి, నిన్న సరిగా నేర్చింది మాత్రమే చెబుతాను అంది. దేవుడు ఇస్సాకుకు కనబడిన చోట మొదలుపెట్టి నీళ్ళు పడిన చోట దాకా చెప్పింది. పేర్లు కూడా చెప్పింది. వేలు ఎక్కడా ఆగలేదు.

ఆమె కూర్చోబోతుంటే బాలమ్మ లేచింది. చేతుల మాట చెప్పలేదేం, నేను దాని మీదే బతుకుతున్నానంది.

మందిరం అంతా శంకరమ్మ వైపే చూసింది.

"గది బైబిల్ల లేదు బాలమ్మా," అంది శంకరమ్మ. "గది నాది. దేవునిది ఇప్పుడు చెప్పిన."

లలితకుమారమ్మ కళ్ళద్దాలు తీసింది. "మరి మీకు బైబిల్లో ఉందని ఎవరు చెప్పారండీ?" అని అడిగింది.

శంకరమ్మ నా వైపు చూడలేదు. పేరూ చెప్పలేదు. నేను మగవాళ్ళ వైపు చివరి వరుసలో ఉన్నాను. నిండు మందిరంలో నేను నోరు తెరిచిన రోజు అంతకు ముందు లేదు. లేచాను. తొడ నొప్పి పెట్టింది.

"నేనే కలిపిన," అన్నాను. "ఆమె తప్పు లేదు. సదువుడు రాక దాటేసిన, దాటేసిన చోట కలిపిన."

భిక్షం నోరు తెరుచుకొని చూశాడు. పాస్టరు గారు ఆ రెండు పేర్లు నేనే చదివి నేర్పానా అని అడిగారు. అవునన్నాను. అయితే వచ్చే ఆదివారం వాక్యం చదవడం నా వంతు అన్నారు. బిందె వేరే ఆమెకు పోయింది. శంకరమ్మ వెళ్ళి బాలమ్మ పక్కన ముందు చాప మీద కూర్చుంది. బాలమ్మ ఇందాకటి వాక్యాలను ఆమెతో మళ్ళీ చెప్పించుకుంటున్నది.

ఇంటికి నడిచి వచ్చేటప్పుడు ఆమె నాతో ఒకే మాట అంది. వెనక ఎన్ని దాటేశానో గుర్తుందా అని. లేదన్నాను.

మరునాడు పొద్దున శంకరమ్మ చాయ పెట్టింది. నేను గడప దగ్గర పీట వేసుకున్నాను. చీపురులోంచి కొత్త పుల్ల విరిచాను. బైబిలు మొదటి పేజీకి తిప్పి, మొదటి మాట కింద పుల్ల ఆనించాను.