రికార్డులో మిగిలిన ఊపిరి

పొద్దున్నే మల్బరీ ఆకు కోసుకురావడం, షెడ్డు గడప దగ్గర బ్లీచింగ్ నీళ్లతో కాళ్లు కడుక్కోవడం, పట్టుపురుగులకు ఆకు పరిచి రికార్డు పెట్టడం. శాంతకుమారికి రోజూ ఇదే వరస. పుంగనూరు దారిలో ఊరికి దూరంగా ఆ షెడ్డూ, పక్కనే ఒక గదీ, మొగుడు పోయాక ఆమెకు మిగిలినవి అంతే.

రికార్డులు కుప్పంలో ఉండే అన్న హరినాథ్ పంపినవి. పాటల కొట్టు మూసేస్తూ, ఎవరూ కొనని పెట్టెను చెల్లెలికి అంటగట్టాడు. అన్నీ శాక్సఫోన్ పాటలే. వాయించినవాళ్లు ఎప్పుడో పోయారు. పాత టేపుల్లోంచి తీసి మళ్లీ కొత్తగా అచ్చేశారు. మనుషులు పోయినా వాళ్ల ఊపిరి మాత్రం వాటిలో చెడకుండా ఉండిపోయింది. చిందులేసే స్వింగ్ పెడితే స్పీకరులోంచి వెచ్చటి గాలి వచ్చేది, నింపాదిగా సాగే జాజ్ పెడితే చల్లటి గాలి. చలికాలం అది, ఎండాకాలం ఇది. పట్టుపరిశ్రమ ఆఫీసరు వచ్చి చూసి, "సౌండు కాస్త తగ్గించమ్మా, గాలెక్కువైతే ఆకు వాడిపోతాది" అని చెప్పి వెళ్లాడు.

పాట మధ్యలో ఆ వాయించేవాడు ఊపిరి లోపలికి పీల్చుకునే చప్పుడంటే శాంతకుమారికి ప్రాణం. తనది కాక ఆ ఇంట్లో వినపడే ఊపిరి అదొక్కటే మరి.

మనుషులు రారా అంటే, తనే రానివ్వదు. బయటివాళ్లు లోపలికొస్తే పురుగులకు జబ్బులొస్తాయి. ఆ మాట నిజమే. కానీ పంటకూ పంటకూ మధ్య షెడ్డు ఖాళీగా ఉన్నప్పుడూ ఆమె ఆ మాటే చెప్పేది. మునిచంద్ర పుంగనూరు పెళ్ళిబ్యాండులో శాక్సఫోన్ వాయిస్తాడు. పెళ్ళాం పోయినవాడు. పనిలేని రోజుల్లో వచ్చి కంచె అవతల నిలబడి వినేవాడు.

"లోపలికొచ్చి ఇనేదా అమ్మా?"

"పురుగులుండాయప్పా."

అతడు తల ఊపి అక్కడే నిలబడేవాడు.

మే నెలలో, పురుగులు నాలుగోసారి పొర విడిచి ఆబగా మేసే రోజుల్లో, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. రికార్డు ఆగింది, దాంతో చల్లటి గాలీ ఆగింది. మధ్యాహ్నానికి రేకుల కప్పు పెనంలా కాలింది. పురుగులు ఆకు ముట్టకుండా తలలెత్తి ఉండిపోయాయి. ఈ పంట పోతే షెడ్డు అమ్మేసి కుప్పం వచ్చేయమని అన్న ముందే చెప్పాడు. అంటే ఇక వదిన ఇంట్లో ఓ మూల చాప.

"యాలమ్మా, ఈపొద్దు పాట లేదు?" కంచె దగ్గరి నుంచి మునిచంద్ర అడిగాడు.

"కరెంటు లేదప్పా. పురుగులు మేయడం లే. సచ్చిపోతాయేమో."

"నేను వాయించేదా?"

"ఆడ్నుంచే వాయించు."

అతడు మొదలుపెట్టింది పెళ్ళిపాట కాదు. ఇన్నాళ్లూ కంచె దగ్గర విన్న ఆ నింపాది జాజే. చల్లటి గాలి వచ్చింది గానీ షెడ్డుదాకా చేరలేదు. కంచె మీద వాడిపోయిన చిక్కుడు తీగ మాత్రం తలెత్తింది. శాంతకుమారి ఆ తీగను చూసింది, తలుపును చూసింది. ఆమెకు భయమేసింది. పురుగుల కోసమా, తన కోసమా అంటే ఆమెకే తెలియదు.

"కాళ్లు కడుక్కోని రాప్పా," అంది.

మునిచంద్ర పురుగుల తట్టల మధ్య నిలబడి వాయించాడు. రికార్డు ఆగే చోటే ఆగి, అట్లాగే ఊపిరి పీల్చుకున్నాడు. రేకులు చల్లబడ్డాయి. పురుగులు ఒక్కొక్కటే తల దించాయి. కాసేపటికి ఆకు కొరికే చప్పుడు షెడ్డంతా నిండింది. శాంతకుమారి గోడకు ఆనుకుని కళ్లు తుడుచుకుంది.

సాయంత్రం బల్బు వెలిగి, రికార్డు తనంతట తాను తిరగడం మొదలైంది. ఆమె వెళ్లి దాన్ని ఆపింది. అతడు వాయిస్తూనే ఉన్నాడు.

ఆ పురుగులు కట్టిన పట్టుగూళ్లు మదనపల్లె మార్కెట్టులో మంచి ధరకే పోయాయి. "వస్తాండావా పాపా?" అని అన్న ఫోను చేస్తే, "ఇప్పుడు కాదులేన్నా" అంది.

మర్నాడు మునిచంద్ర మామూలుగానే కంచె అవతల నిలబడ్డాడు.

"పురుగులుండాయా అమ్మా?"

ఖాళీ తట్టలు వాకిట్లో ఎండుతున్నాయి. పంట అయిపోయిన ప్రతిసారీ అవి అట్లాగే, కంచె దగ్గరికి బాగా కనపడేలా ఎండేవి. అయినా అతడు ఒక్కనాడూ ఆ మాట ఎత్తలేదు.

"లేవప్పా," అంది శాంతకుమారి.

అతడు గేటు తీసుకుని వచ్చి, చెప్పులు విడిచి, గడప దగ్గర నీళ్ల కోసం వెతుక్కున్నాడు.

"కాళ్లు కడుక్కునే పన్లేదు," అంది ఆమె. "అట్నే రాప్పా."