అడగని డ్రైవరు

...అది తరవాత రాద్దువుగాని అమ్మలూ, ముందు సినిమా సంగతి రాసుకో. మెల్లగానే చెప్తాను.

అప్పుడు మీ నాన్న రెండో క్లాసు. మేం బెంగాలీవాళ్ళ మధ్య, వాట్‌గంజ్‌లో ఉండేవాళ్ళం. నేను టాక్సీ తోలేవాణ్ణి. బండి నాది కాదు, మృత్యుంజయ దాదాది. అక్కడ అన్నని దాదా అంటారు కదా. పొద్దున్నే ఆయన దగ్గర తాళం తీసుకోవడం, సాయంత్రం ఇచ్చేయడం.

ఆ ఏడు ఖిదిర్‌పూర్ హాల్లో ఒక సినిమా పడింది. అందులో టాక్సీ డ్రైవరే హంతకుడు. ఎక్కినవాళ్ళతో మాట్లాడడు. మీటరు వేస్తాడు, అద్దంలోంచి చూస్తాడు, బండి పోనిస్తాడు. ఎక్కడికో కూడా అడగడు. అడగకుండా పోనిచ్చాడంటే ఆ మనిషి పని అయిపోయినట్టే. నేనూ మీ నాయనమ్మ కాసులమ్మా మ్యాట్నీకి వెళ్ళాం. వాడు రెండోసారి మీటరు వేసేసరికి ఆమె నా చెయ్యి గిల్లింది.

"ఓలమ్మో! ఆడు అచ్చం నీలాగే ఉన్నాడేటి!"

"నాకు ఆ మీసం నేదు కదే."

"మీసం కాదు. నువ్వు మాత్రం ఎవుల్ని అడిగావు, ఎక్కడికని?"

నిజమే. నేను అడగను. మన వైపు బయల్దేరిన మనిషిని ఎక్కడికని అడగరు, అడిగితే వెళ్ళే పని చెడుతుందంటారు. అందరూ అలాగే అంటారు, అందరూ మర్చిపోయి అడుగుతారు కూడా. నేను మర్చిపోలేను. నాకు పదిహేనేళ్ళప్పుడు మా అయ్య బైరాగి ఓడల డాక్‌లో పనికి బయల్దేరితే వెనకనించి అడిగాను, "ఎక్కడికయ్యా?" అని. తెలిసే అడిగాను, వేళాకోళానికి. అయ్య వెనక్కొచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మరీ వెళ్ళాడు. ఆ రోజే తాడు తెగి గోనె మూటలు కాలి మీద పడ్డాయి. మళ్ళీ ఓడ ఎక్కలేదు. తాడు పాతబడి తెగిందని నాకు తెలుసు. తెలిసినా నోరు తిరగదు. ఎక్కినవాళ్ళు చెప్పేదాకా బండి మెల్లగా పోనిస్తూ ఉంటాను.

సినిమాకి ముందు అదెవరికీ పట్టలేదు. తరవాత చూడు! ఇద్దరు కాలేజీ అమ్మాయిలు ఎక్కారు. నేను నోరు తెరవకపోయేసరికి మొహమొహాలు చూసుకుని, సిగ్నలు దగ్గర దిగి పరుగు. అడగని డ్రైవరు ఒకడున్నాడని స్టాండంతా తెలిసిపోయింది. వారం తిరక్కుండా నా బండి ఖాళీగా నిలబడిపోయింది.

మృత్యుంజయ దాదా పిలిచాడు.

"శోనో, విను గవరయ్యా, నీ పద్ధతి నీది, నా బండి నాది. శనివారం దాకా చూస్తాను. ఒక్క మాట అడగలేనివాడికి టాక్సీ ఎందుకు? తాళం ఇచ్చేసి డాక్‌లో మూటలు మోసుకో."

ఆ మూటల మాట విన్నాక కాసులమ్మకి అన్నం సయించలేదు.

"ఒక్క మాటే కదా. అడిగీ," అంది.

మర్నాడు నోరు తెరిచాను కూడా. గాలే వచ్చింది.

గురువారం పొద్దున్న గార్డెన్ రీచ్‌లో ఒకామె ఎక్కింది. కళ్ళజోడు, భుజాన సంచీ. ఏమీ చెప్పకుండా సంచీలో ఏదో వెతుక్కుంటోంది. మీటరు వేసి మెల్లగా పోనిచ్చాను. చెప్తుందేమోనని అద్దంలోకి చూశాను. అదే తప్పయింది. తలెత్తి నా కళ్ళు చూసింది, సంచీ గుండెలకి హత్తుకుంది.

"దాదా, గాడీ రోకో! రోకో!" అని, ఆ వెంటనే, "ప్రభువా, నన్ను రచ్చించు తండ్రీ!" అంది.

తెలుగు! బండి పక్కకి తీసి ఆపేశాను. రెండు చేతులూ పైకెత్తాను.

"బయపడకమ్మా! బయల్దేరిన మనిసిని ఎక్కడికని ఎలాగడగడం? మన్లో అడగం గదా!"

కాసేపు తలుపు పట్టుకునే ఉంది. తరవాత కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది.

"మాది భీమిలి అన్నా. మేం సకునాలు చూడం, ప్రార్థన చేసుకుని ఎల్తాం. అయినా ఎక్కడికని అడిగితే మాయమ్మ పాదిరీగారి మీదైనా కేకలేసీది!"

తబితమ్మ అలా పరిచయమైంది. బెంగాలీ బడిలో టీచరు. అయ్య కాలు సంగతీ, శనివారం సంగతీ అంతా చెప్పాను.

"మరి ఆ ముక్కే ఎక్కినోళ్ళకి చెప్పొచ్చు కదా?"

"రోజూ ఇరవైమందికి మాయయ్య కాలు గురించి సెప్పమంటావేటి తల్లీ?"

"చెప్పొద్దు. రాద్దాం."

సంచీలోంచి అట్ట తీసి బెంగాలీలో పెద్ద అక్షరాలతో రాసింది. 'ఈ డ్రైవరు మిమ్మల్ని ఎక్కడికని అడగడు. అడిగితే మీ పని చెడుతుందని వాళ్ళ నమ్మకం. మీ మంచి కోరే అడగడం లేదు. దయచేసి మీరే చెప్పండి.' నా సీటు వెనక కట్టేసింది.

తరవాత ఎక్కింది చేపల సంచీతో ఒక ముసలాయన. రెండుసార్లు చదివాడు.

"బెహాలా! అక్కడికి పోనీ, విన్నావా? బెహాలా! దారిలో చంపకు నాయనా, చేప పాడైపోతుంది!"

మర్నాటికి, అడగని బండెక్కితే పని చెడదని, పరీక్షకి వెళ్ళేవాళ్ళు, పెళ్ళిచూపులకి వెళ్ళేవాళ్ళు నా బండిని వెతుక్కోవడం మొదలెట్టారు.

శనివారం దాదా తాళం కోసం స్టాండుకొచ్చాడు. అప్పటికి ఇద్దరు నా తలుపు పట్టుకుని దెబ్బలాడుకుంటున్నారు. ఆయనకి కోర్టులో పని, ఆమెకి కూతురి ఇంటర్వ్యూ. ఇద్దరికీ నేనే కావాలి. దాదా వంగి అట్ట చదివాడు. తాళం కోసం చాచిన చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.

"ముందు ఆమెని దింపు. కోర్టు ఎక్కడికీ పోదు."

పద్దెనిమిదేళ్ళు ఆ బండే తోలాను అమ్మలూ. అట్ట చిరిగినప్పుడల్లా తబితమ్మే మళ్ళీ రాసింది.

ఇప్పుడామె ఖరగ్‌పూర్‌లో కొడుకు దగ్గరుంది. చూపు తగ్గిపోయింది. ఆదివారం ప్రార్థన అయ్యాక ఫోను చేసి, ఇదంతా ఆమెకి చదివి వినిపించు. తెలుగు తడుముకుంటూ చదివినా పరవాలేదు. ఆమె టీచరు, ఆగుతుంది.