‘చూశాను’ అని రాసే చీటీ

తుపాకీకి స్కోప్ కొనడానికి మొదటిసారి వచ్చేవాడు ఎవడైనా సరే, పెద్ద పవర్ అడుగుతాడు. ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాను. తుకారాం కూడా అదే అడిగాడు.

"సార్, తొమ్మిది పవర్‌ది చూపెట్టుండ్రి. మా తాన ఒకడు కొన్నడు. గుట్ట మీది మేక చెవులు సుత కనవడ్తయంట."

"మేక చెవులతో నీకేం పనయ్యా? నువ్వు కొట్టాల్సింది అడవిపందిని. అది ఎంత దూరంలో వస్తుంది?"

"మక్కచేన్లకెళ్ళి బయటికొస్తే ముప్పై, నలభై గజాలు. గంతే."

"నలభై గజాలకు తొమ్మిది పవర్ పెడితే నీకు పంది కనపడదు, పంది వెంట్రుకలు కనపడతాయి. తల ఎటో తోక ఎటో తేల్చుకునేలోపల అది పక్క ఊరు చేరుతుంది. నీకు కావలసింది ఒకటి నుంచి నాలుగు పవర్ వరకు తిప్పుకునేది. ఒకటిలో పెడితే చేను మొత్తం కనపడుతుంది, రెండు కళ్ళూ తెరిచే చూడొచ్చు."

అతను నవ్వలేదు. తలమీది రుమాలు తీసి చేతిలో నలుపుకుంటూ నిలబడ్డాడు. మేడ్చల్ అవతల నాలుగెకరాల రైతు, టమాటాలు బోయిన్‌పల్లి మార్కెట్టుకు వేసుకొస్తాడు. పంట కాపాడుకోవడానికి వాళ్ళ నాన్న నాటి రైఫిల్, దానికి లైసెన్సు, పందుల కోసం ఫారెస్టోళ్ళ పర్మిషన్ అన్నీ ఉన్నాయి. నాలుగు వేలు దాటితే తనవల్ల కాదని ముందే చెప్పాడు.

"సార్, మీకొకటి చెప్త. ఎవ్వరికి చెప్పలే," అన్నాడు. "పోయిన కార్తీకంల పొద్దుగూకంగ గట్టు మీద నల్లగ కదిలింది. పందే అనుకున్న. గురి పెట్టిన. వేలు సుత ట్రిగ్గర్ మీద పెట్టిన. గప్పుడు దగ్గింది సార్ అది. మా పక్కచేను ఎల్లమ్మ. గొంగడి కప్పుకొని గడ్డి కోస్తున్నది."

నాకు ఒళ్ళు మండిపోయింది. "చూడకుండా ట్రిగ్గర్ మీద వేలెట్లా పెట్టావయ్యా! బుద్ధుందా? ముందు ఉత్త కళ్ళతో చూడాలి. అది ఏమిటో తెలిశాకే తుపాకీ ఎత్తాలి. స్కోప్ ఉన్నది గురికి, మనిషో పందో తేల్చుకోవడానికి కాదు. ఆ ఎల్లమ్మ దగ్గకపోతే ఏమయ్యేది?"

"అదే సార్. ఆమె దగ్గకపోతే నేనేమయ్యేటోణ్ణి?" అని తల దించుకున్నాడు. "గప్పటిసంది చెయ్యి వణుకుతున్నది. రైఫిల్ మీది గురి ముల్లు సుత మసకమసక కొడ్తున్నది. ఇంకోసారి గట్ల కావొద్దు. మంచిగ కనవడేది ఇయ్యుండ్రి. మీరు చూసి చీటీ కడ్తే చాలన్నరు అందరు."

ఆ చీటీ గురించి చెప్పాలి. మిలిటరీ వర్క్‌షాపులో అద్దాల పని నేర్చుకుని, ఆఫీసరు ఒకమాటంటే నేను రెండన్నందుకు బయటికొచ్చి, రాంగోపాల్‌పేట్ సందులో ఈ కొట్టు పెట్టాను. బైనాక్యులర్లు, సర్వేవాళ్ళ పరికరాలు, రైఫిల్ స్కోపులు బాగుచేస్తాను, పాతవీ కొత్తవీ అమ్ముతాను. నా చేతి మీదుగా వెళ్ళే ప్రతి స్కోప్‌కీ దారంతో ఒక చీటీ కడతాను. దాని మీద ‘చూశాను – జీవరాజు’ అని ఉంటుంది, అంతే. ఆ సంతకం చూసి జనం కళ్ళు మూసుకుని కొనేవాళ్ళు.

నేనూ కళ్ళు మూసుకునే సంతకం పెడుతున్నానని వాళ్ళకు తెలియదు. అప్పటికి నా కుడికన్ను మసకబారి ఎనిమిది నెలలు, ఎడమది మొదటినుంచీ అంతంతమాత్రమే. మా ఆవిడ కాంతమణికి కూడా చెప్పలేదు. చర్చిలో కీర్తనలన్నీ కంఠతా వచ్చు, పుస్తకం తెరిచి పట్టుకుంటే చాలు. కొట్లోనూ అదే సాగింది. కౌంటరు మీది కొయ్య పట్టులో స్కోప్ బిగించి, సందు చివర పై అంతస్తుకున్న బ్రహ్మచారి వాచీల కొట్టు బోర్డు చూడటం నా పరీక్ష. ఆ బోర్డు అడుగున సన్నక్షరాల వరుస ఒకటుంది. అది చదవగలిగితే స్కోప్ పాసు. ముప్పై ఏళ్ళు చదివిన వరుస, కన్ను చదవకపోయినా నోరు చదివేస్తుంది. అద్దాల పని చేసేవాడికి కన్ను పోయిందంటే కొట్టుకు తాళమేగా అని భయం. ఆ భయంతోనే ఎనిమిది నెలల్లో ఆరు స్కోపులు పంపించాను.

"మిట్టమధ్యాహ్నం ఏ అద్దమైనా బాగానే కనపడుతుంది. మీ పందులు వచ్చే వేళకు రా, అప్పుడు చూద్దాం," అని తుకారాన్ని పంపేశాను.

సాయంత్రం దీపాలు పెట్టకముందే వచ్చాడు. రెండు తీసిపెట్టాను. ఒకటి కొత్త చైనాది, ఒకటి నుంచి నాలుగు పవర్, తళతళలాడుతోంది. రెండోది జపాన్‌ది, ఒకటిన్నర నుంచి నాలుగు, గొట్టం మీద రంగు లేచిపోయింది. ఎవరో పాత షికారీ ఇంటివాళ్ళు అమ్మేసింది. కంటికీ గొట్టానికీ నాలుగు వేళ్ళ ఎడం ఉండాలనీ, లేకపోతే పేలినప్పుడు వెనక్కి తన్ని కనుబొమ్మ చిట్లుతుందనీ చెప్పాను. సుత్తి పిడితో చిన్నగా తట్టినా లోపల గురి చూపే ప్లస్ గుర్తు కదలకూడదన్నాను.

ముందు జపాన్‌ది బిగించి చూశాను. అంతా పొగ. "ఇది పనికిరాదు, లోపల బూజు పట్టింది," అని తీసేశాను. చైనాది కొంచెం తెల్లగా కనపడింది.

"ఆఁ, ఇదీ! అక్షరం అక్షరం కనపడుతోంది. ‘గోడ గడియారములు బాగుచేయబడును, ప్రొ. బ్రహ్మచారి.’ తీసుకో," అంటూ చీటీ రాసి కట్టేశాను.

తుకారాం వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. తల ఎత్తి నా వంక, మళ్ళీ స్కోప్ వంక చూశాడు.

"సార్... సందు చివర్ల బోర్డేనా మీరు చదివింది?"

"మరింకేది?"

"అండ్ల బ్రహ్మచారి అని లేదు సార్. చివర్ల సదాశివ అని ఉన్నట్టున్నది."

"నీ కళ్ళు ముందు డాక్టరుకు చూపించుకో!" అని అరిచాను. "నువ్వు పుట్టి పలక పట్టకముందు నుంచీ చదువుతున్నాను ఆ బోర్డు. ఏమేవ్, ఇలా రా! ఈయనకు చదివి వినిపించు."

కాంతమణి వెనకగది నుంచి కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసింది.

"సదాశివ అనే ఉందండీ. బ్రహ్మచారిగారు పోయాక కొడుకు తన పేరు రాయించాడు కదా. పోయిన ఆదివారం మనం చర్చికి వెళ్ళినప్పుడు పెయింటర్ వచ్చాడట." అంతవరకు మామూలుగా చెప్పి ఆగిపోయింది. నా మొహంలోకి చూసింది. "ఏమండీ, మీకు కనపడటం లేదా?"

నాకు కుర్చీ దొరకలేదు. కౌంటరు పట్టుకుని నిలబడ్డాను. ఎల్లమ్మ దగ్గింది కాబట్టి బతికింది. నేను చీటీ కట్టి పంపిన ఆరు స్కోపుల ముందుకు దగ్గనివాళ్ళు ఎవరైనా వస్తే? మధ్యాహ్నం ఇతన్ని అన్ని మాటలన్న నోరు నాది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"తుకారాం," అన్నాను, "నేను చూడలేదు. చూడకుండానే సంతకం పెట్టాను." చైనాదానికి కట్టిన చీటీ తెంపి చించేశాను.

అతను ఒక్క మాట కూడా తిట్టలేదు. జపాన్‌ది తనే బిగించుకుని చూశాడు, కాంతమణి కూడా చూసింది. లోపల బూజూ లేదు, పొగా లేదు. సన్నక్షరాలు ఆ వెలుతురులోనూ స్పష్టంగా ఉన్నాయని ఇద్దరూ అన్నారు. చైనాదానిలో అంచుల దగ్గర అక్షరాలు అలుక్కుపోయాయట, తడితే ప్లస్ గుర్తు పక్కకు జరిగిందట.

"అయితే ఇదే పట్టుకెళ్ళు. మూడు వేలే ఇవ్వు," అన్నాను.

"ఇప్పుడొద్దు సార్. నా కన్ను మీద నాకే నమ్మకం లేదు. మీరు కన్ను బాగు చేయించుకోండ్రి. మీరు చూసి చీటీ కడ్తెనే తీస్కపోత."

"అప్పటిదాకా పందులు ఆగుతాయా?"

"యాడ ఆగుతయ్? తింటయ్. డబ్బా కొడ్త, మంట పెడ్త. రైఫిల్ మాత్రం పెట్టెల కెళ్ళి తియ్య." రుమాలు చుట్టుకుని గడప దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "పరేషాన్ కాకుండ్రి సార్. నాకు ఎల్లమ్మ దగ్గింది. మీకు బోర్డు దగ్గింది. గంతే అనుకోండ్రి."

ఆ వారమే శుక్లం తీయించుకున్నాను. ఆపరేషన్ కన్నా కష్టమైంది ఆ ఆరుగురికీ ఉత్తరాలు రాయించడం. ‘స్కోప్ వాడవద్దు, వెనక్కి తెండి, నేను చూడకుండా ఇచ్చాను’ అని నేను చెబుతుంటే కాంతమణి రాసింది. నలుగురు తెచ్చారు. ఒకాయన కౌంటరు ముందు నిలబడి నోటికొచ్చినట్టు తిట్టాడు. నా జన్మలో మొదటిసారి ఎదురు చెప్పలేదు. మిగతా ఇద్దరి ఇళ్ళకు నేనే వెళ్ళి తెచ్చుకున్నాను.

నెల తర్వాత ఒక సాయంత్రం తుకారాం సంచీడు వంకాయలతో వచ్చాడు. మక్కచేను సగం పోయిందట. ఆ సంగతి కూడా నేను గుచ్చిగుచ్చి అడిగితే చెప్పాడు.

జపాన్‌ది బిగించాను. కన్ను ఆనించాను. ముందు బోర్డు పసుపురంగు కనపడింది, తర్వాత పెద్దక్షరాలు, వాటి కింద సన్నవి. తొందరపడకుండా ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాను.

"ప్రొ... స... దా... శి... వ."

ముప్పై ఏళ్ళు రోజూ నాతో చాయ్ తాగినవాడు బ్రహ్మచారి. పాడె మోసిన రోజున కూడా నాకు ఏడుపు రాలేదు. అతని పేరు అక్కడ లేదని ఆ పూట నా కళ్ళతో చూసి, కౌంటరు మీద తల ఆనించి ఏడ్చేశాను. తుకారాం నా వీపు మీద చెయ్యి వేసి అలాగే ఉంచాడు.

కాసేపటికి కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాను. సుత్తి పిడితో తట్టాను, ప్లస్ గుర్తు కదలలేదు. అప్పుడు చీటీ తీసుకుని, ‘చూశాను’ అని రాశాను.